సొంతంగా క్యాంపర్ కట్టిస్తున్నారా? వెల్డింగ్ కంటే ముందు కాగితాలు చూసుకోండి

టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీసేసి రెండు బెర్తులు, ఒక గ్యాస్ పొయ్యి, పైన సోలార్ ప్యానెల్. లేదంటే కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్, దాని మీద ప్లైవుడ్ గది. యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలు చూసి 'మనమూ ఒకటి చేయించుకుంటే?' అనుకునేవాళ్లు ఎక్కువవుతున్నారు. అరకు, లంబసింగి, శ్రీశైలం దారుల్లో గది వెతుక్కునే పని ఉండదు, పిల్లలకు సరదా, హోటల్ ఖర్చు కూడా మిగులుతుందని లెక్క.

పని చేయించడం కష్టమేమీ కాదు. మీరు అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ వైపు ఉంటే విజయవాడ హైవే మీదుగా ఎల్బీ నగర్ వెళ్లే దారిలోనే ఆటోనగర్ తగులుతుంది. వెల్డింగ్, డెంటింగ్, బాడీ బిల్డింగ్, వైరింగ్ అన్నీ అక్కడ దొరుకుతాయి. కష్టమంతా బండి షెడ్డులోంచి బయటికి వచ్చాకే. ఆర్సీలో ఒకటి ఉండి, రోడ్డు మీద ఇంకొకటి తిరుగుతుంటే చట్టం దాన్ని ఎలా చూస్తుంది? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? లోపల నలుగురు పడుకుంటే తెల్లారి నలుగురూ లేస్తారా? ఈ చివరి ప్రశ్న భయపెట్టడానికి వేసింది కాదు. కారణం కింద చెబుతాం.

అసలు చట్టంలో 'క్యాంపర్' ఉందా?

ఉంది. 'కారవాన్' అనగానే మనకు సినిమావాళ్ల మేకప్ బస్సులే గుర్తొస్తాయి. రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్నది అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే కాబట్టి ఈ చుట్టుపక్కల వాళ్లకు అవి కొత్త కాదు. అయితే రవాణా చట్టం దృష్టిలో సొంత అవసరానికి వాడుకునే క్యాంపర్‌కు విడిగా ఒక తరగతి ఉంది. మోటారు వాహనాల చట్టం కింద కేంద్రం 2004 నవంబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌లో వాహనాల రకాల జాబితా ఉంది. అందులో 'క్యాంపర్ వ్యాన్ / ట్రైలర్' ట్రాన్స్‌పోర్ట్ వాహనాల కింద, 'ప్రైవేటు వినియోగానికి క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్' నాన్ ట్రాన్స్‌పోర్ట్ కింద కనిపిస్తాయి. అంటే మీ ఆర్సీలో వాహన తరగతి దగ్గర ఆ మాట రావడానికి చట్టపరంగా అడ్డు లేదు.

ఏది క్యాంపర్ అవుతుందో కూడా రాసి ఉంది. వాహనాల రకాలను నిర్వచించే ఏఐఎస్-053 ప్రమాణం ప్రకారం 'మోటార్ కారవాన్'లో కనీసం కూర్చునే సీట్లు, టేబుల్, పడుకునే ఏర్పాటు, వంట ఏర్పాటు, సామాన్లు పెట్టుకునే అరలు ఉండాలి. ఇవి బండికి గట్టిగా బిగించి ఉండాలి, టేబుల్ మాత్రం తీసి పెట్టుకునేలా ఉండొచ్చు. కారవాన్లను పరీక్షించి ఆమోదించే పద్ధతికి ఏఐఎస్-124 అనే మరో ప్రమాణం ఉంది.

పేర్లు చూసి మోసపోకండి. మహీంద్రా బొలెరో క్యాంపర్ పేరులో క్యాంపర్ ఉన్నా అది డబుల్ క్యాబిన్ పికప్ మాత్రమే. దాని వెనక గది కడితే పేరు కలిసింది కదా అని ఆర్టీఏలో ఎవరూ ఒప్పుకోరు.

'నా బండి, నా ఇష్టం' అంటే కుదురుతుందా?

కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఇక్కడ కీలకం. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. సీట్ల సంఖ్య, బాడీ రకం, బరువు, ఇంధనం ఇవన్నీ ఆర్సీలో ఉండే వివరాలే. పన్నెండు సీట్ల బండిలో ఎనిమిది తీసి బెర్తులు వేస్తే ఇంజిన్ ముట్టుకోకపోయినా అది మార్పు కిందికే వస్తుంది.

దీనిపై సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కేరళకు చెందిన ఒక కేసులో స్పష్టత ఇచ్చింది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనంలో మార్పులు చేయడానికి వీల్లేదని, రాష్ట్ర నిబంధనల పేరుతోనూ సెక్షన్ 52ను దాటలేరని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. అక్కడికక్కడ కట్టించుకునే కాంపౌండింగ్ రుసుము ఎంతన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అది తక్కువ కదా అని ధీమాగా ఉంటే కేసు కోర్టుకు వెళ్లినప్పుడు పై లెక్కే వర్తిస్తుంది.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. చాసిస్ మీద బాడీ కట్టేవారు, వాహనాలు రిపేరు చేసేవారు కూడా చట్టం నిర్వచనంలో 'డీలర్' కిందికే వస్తారు. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చిన డీలర్‌కు ఇదే సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా వాహనానికి రూ.లక్ష జరిమానా, లేదా రెండూ ఉంటాయి. షెడ్డు యజమాని 'ఏం కాదు సార్, చాలా చేశాం' అంటే ఈ సంగతి ఆయనకు తెలుసో లేదో అడగండి. మీకంటే ఆయనకే ముప్పు ఎక్కువ.

ట్రైలర్‌కు ఇంజిన్ లేదు కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు?

ఇంజిన్ లేకపోయినా అది మోటారు వాహనమే. చట్టంలోని సెక్షన్ 2(28)లో 'మోటారు వాహనం' నిర్వచనం ట్రైలర్‌ను కలుపుకొనే ఉంది. కాబట్టి దానికి విడిగా రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్ నంబరు దాని పక్క భాగంలో కనిపించాలి, వెనక లాగుతున్న కారు నంబరు కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 వరకు, మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా.

చిక్కంతా రిజిస్ట్రేషన్ చేయించే దగ్గరే. కొత్త వాహనానికి ఫారం 20 దరఖాస్తుతో పాటు అమ్మిన ధ్రువపత్రం (ఫారం 21), తయారీదారు ఇచ్చే భద్రతా, రోడ్డు యోగ్యతా పత్రం (ఫారం 22) పెట్టాలి. బాడీని వేరొకరు కడితే ఫారం 22-ఎ కావాలి. అందులో చాసిస్ తయారీదారు ఒక భాగం, బాడీ బిల్డర్ మరో భాగం సంతకం చేయాలి. మీ ఇంటి వెనక వెల్డ్ చేసిన ట్రైలర్‌కు తయారీదారు ఎవరు? మీరే. మీ దగ్గర టైప్ అప్రూవల్ ఉందా? ఉండదు. కథ అక్కడే ఆగిపోతుంది.

టైప్ అప్రూవల్ అంటే ఒక మోడల్ నమూనాను గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవడం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన దీని గురించే. పుణెలోని ఏఆర్‌ఏఐ, సీఐఆర్‌టీ, హరియాణాలోని మానేసర్‌లో ఉన్న ఐక్యాట్, చెన్నై దగ్గరి జీఏఆర్‌సీ ఇలాంటి పరీక్షలు చేస్తాయి. పదుల సంఖ్యలో బళ్లు అమ్మే కంపెనీ ఈ ఖర్చును వాటి మీద పంచుకుంటుంది. ఒక్క బండి కోసం మీరొక్కరే భరించడం చాలా మందికి కుదిరే పని కాదు. అందుకే మన దగ్గర ఇంట్లో తయారైన క్యాంపర్ ట్రైలర్ చట్టబద్ధంగా రోడ్డెక్కడం అంత కష్టం. నిషేధం ఉందని ఎక్కడా రాసి ఉండదు, కానీ దారి సన్నగా ఉంటుంది.

అయితే దారేది?

అన్నిటికంటే సులువైనది అసలు మార్పే చేయకపోవడం. సీట్లు తీయకుండా మడిచి, వాటి మీద పరుచుకునే పరుపు. డిక్కీలో పెట్టి తీసే వంట పెట్టె. వండేటప్పుడు బయటికి తెచ్చుకునే పొయ్యి. కారు మాన్యువల్‌లో రాసిన బరువు దాటకుండా పైన బిగించే టెంట్. ఆర్సీలో ఉన్నట్టే బండి ఉంటుంది కాబట్టి సెక్షన్ 52 జోలికి పోదు. ఏడాదికి మూడు నాలుగు ప్రయాణాలు చేసే కుటుంబానికి నిజానికి ఇదే చాలు.

రెండోది, టైప్ అప్రూవల్ ఉన్న క్యాంపర్‌నే కొనడం, లేదా ఫలానా చాసిస్ మీద కారవాన్ బాడీ కట్టడానికి ఆమోదం పొందిన బిల్డర్‌తో కట్టించడం. 'మాకు ఏఆర్‌ఏఐ అప్రూవల్ ఉంది' అన్న మాటతో సరిపెట్టుకోకండి. సర్టిఫికెట్ కాపీ అడగండి. అందులో ఉన్న మోడల్, వీల్‌బేస్, సీట్ల సంఖ్య మీ బండికి సరిపోవాలి. ఒక మోడల్‌కు తెచ్చుకున్న సర్టిఫికెట్ చూపించి మరో మోడల్ మీద పని చేయడం పాత ఎత్తు.

ఇప్పటికే రిజిస్టరైన బండిని మార్చాలంటే పని మొదలుపెట్టక ముందే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి తీసుకోవాలి. పని పూర్తయ్యాక 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వాళ్లు సాగర్ రోడ్డులోని మన్నెగూడ ఆర్టీఏ కార్యాలయంలో అడగొచ్చు, మలక్‌పేట వైపు చిరునామా ఉన్నవాళ్లకు ఈస్ట్ జోన్ కార్యాలయం ఉంది. మీ ఆర్సీ చిరునామా ఏ కార్యాలయం కిందికి వస్తుందో రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ముందు చూసుకోండి. వెళ్లేటప్పుడు ఆర్సీ, బీమా, డ్రాయింగ్, బిల్డర్ ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ పట్టుకెళ్లి ప్రశ్నను రాతపూర్వకంగా ఇవ్వండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా వచ్చిన 'అవుతుంది' రేపు ఫిట్‌నెస్ పరీక్ష నాడు పనికిరాదు. షెడ్డుకు అడ్వాన్స్ ఇచ్చేది ఈ జవాబు వచ్చాకే.

బీమా: అందరూ చివర్లో తలుచుకునేది

బండిలో చేసిన మార్పు పాలసీలో చెప్పకపోతే మీ బండికి జరిగిన నష్టం తాలూకు క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించే అవకాశం ఎక్కువ. కారు పాలసీ ఉంది కదా, వెనక ట్రైలర్‌కూ అదే వర్తిస్తుందిలే అనుకోవడం ఇంకో పొరపాటు. ట్రైలర్‌ను పాలసీలో విడిగా చేర్పించాలి. రిజిస్ట్రేషన్ లేని ట్రైలర్‌ను ఏ కంపెనీ చేర్చుకుంటుంది?

అసలు భయం మీ బండి గురించి కాదు. హైవే మీద ట్రైలర్ హిచ్ ఊడి పక్కన బైకు మీద వెళ్లేవాళ్లను కొట్టిందనుకుందాం. బాధితులకు ట్రిబ్యునల్ పరిహారం ఇప్పిస్తుంది. చెల్లుబాటయ్యే బీమా లేకపోతే ఆ మొత్తం మీ జేబులోంచే పోతుంది. ఇలాంటి తీర్పుల్లో పరిహారం లక్షల్లోనే ఉంటుంది. ప్లాటు అమ్మి కట్టాల్సి రావొచ్చు.

నిద్రలోనే ప్రాణం తీసేది

2024 డిసెంబరు 23న కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరి మృతదేహాలు దొరికాయి. వాళ్లు ఏసీ కోసం జనరేటర్ వేసుకుని లోపల నిద్రపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగున ఉన్న సందులోంచి లోపలికి చేరిందని ఎన్‌ఐటీ కాలికట్ నిపుణుల పరీక్షలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చేసరికి లేచి తలుపు తీసే శక్తి ఉండదు.

అది వృత్తిగా తిప్పే కారవాన్. ఇక ఇంట్లో చేయించినదానిలో వైర్ల కోసం, నీళ్ల పైపు కోసం ఫ్లోర్‌లో ఎన్ని రంధ్రాలు వేస్తారో ఆలోచించండి. ప్రతి రంధ్రాన్నీ రబ్బరు గ్రామెట్, సీలెంట్‌తో మూయించాలి. జనరేటర్ బండి లోపల గానీ, కింద గానీ ఉండకూడదు. బయట, దూరంగా, గాలి వీచే దిక్కు చూసి పెట్టాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని పడుకోవడం కూడా ఇదే ప్రమాదం. లంబసింగి చలికి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం అంతకంటే ఘోరం. పడుకునే ఎత్తులో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించండి. మొత్తం బండిలో దీనికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు కాపాడే వస్తువు ఇంకోటి ఉండదు.

గాలి ఆడటానికి వెంట్లు రెండు చోట్ల ఉండాలి, పైన ఒకటి, ఫ్లోర్ దగ్గర ఒకటి. కిందిది ఎందుకంటే వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుని మూలల్లో చేరుతుంది. గ్యాస్ లీక్ డిటెక్టర్‌ను కూడా అందుకే కింద బిగించాలి. ఇంట్లోని 14.2 కిలోల సిలిండర్‌ను బండిలోకి ఎక్కించకండి, అది ఇచ్చింది ఇంటి వంటకే. అధీకృత డీలర్ల దగ్గర దొరికే 5 కిలోల సిలిండర్ అయినా బయటికి మాత్రమే తెరుచుకునే, లోపలి గదితో సంబంధం లేని అరలో నిటారుగా బిగించి ఉండాలి. ప్రయాణంలో వాల్వు కట్టేసి, రెగ్యులేటర్ తీసేయాలి. ట్యూబు మీద ఐఎస్ 9573, స్టవ్ మీద ఐఎస్ 4246 ముద్ర ఉందో లేదో చూసి కొనండి.

వైరింగ్, తలుపు, బరువు

మంటలకు మరో కారణం వైర్లు. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గర్లో ఫ్యూజ్ ఉండాలి. ఇన్వర్టర్ దగ్గర పెట్టి 'ఫ్యూజ్ ఉంది' అంటే లాభం లేదు, ఆ రెండింటి మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు. బయట నుంచి 230 వోల్టుల కరెంటు తీసుకునే ఏర్పాటు ఉంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. ఇనుప పెట్టెలో, తడి నేల మీద షాక్ తగిలితే తప్పించుకునే వీలు తక్కువ. ఐఎస్ 15683 ముద్ర ఉన్న ఏబీసీ పౌడర్ మంటలార్పే సిలిండర్‌ను తలుపు పక్కనే పెట్టండి, పొయ్యి పైన కాదు.

బయటికి రెండో దారి ఉందా? 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. సీటర్‌గా రిజిస్టరైన ఆ బస్సును స్లీపర్‌గా మార్చారని అప్పుడు వార్తల్లో వచ్చింది. మంట తలుపు వైపే మొదలైతే పడుకున్నవాళ్లు ఎటు వెళ్లాలన్నదే ఈ ప్రమాదాలు అడిగే ప్రశ్న. మీ క్యాంపర్‌లో మంచం పక్కన లోపలి నుంచి తెరుచుకునే, మనిషి పట్టే కిటికీ ఒకటి ఉండాలి. తలుపులకు బయటి గడియ పెట్టకండి.

ఇక బరువు. ఏఐఎస్-053లో ట్రైలర్లను బరువును బట్టి విభజించారు. లోడుతో కలిపి 750 కిలోల వరకు టీ1, అది దాటి 3.5 టన్నుల వరకు టీ2. కారుతో లాగే క్యాంపర్ ఎంత తేలికని అనుకుంటున్నారు? ఉదాహరణకు ఇలా లెక్క వేద్దాం: చాసిస్, యాక్సిల్, చక్రాలు 200 కిలోలు, ప్లైవుడ్ గోడలు, ఇన్సులేషన్ 180, మంచం, అరలు 100, బ్యాటరీ, ప్యానెల్ 60, నీళ్లు 80 లీటర్లు అంటే 80 కిలోలు, పొయ్యి, గ్యాస్ 15, సామాన్లు 80. మొత్తం 715. ఇంకో చిన్న ఫ్రిజ్, కుర్చీలు పెడితే 750 దాటినట్టే. అందుకే కాగితం మీద కాకుండా నీళ్లు, సామాన్లు నింపాక ధర్మకాంటా మీదికి తీసుకెళ్లి తూకం వేయించండి.

బరువు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. వెనక భాగం బరువెక్కితే హిచ్ తేలిపోయి ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు ఆ గాలికి ఊగుడు పెరిగి కారునే తిప్పేస్తుంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ యాక్సిల్ మీదా, దానికి కొంచెం ముందుకూ ఉండాలి. కారు ఎంత లాగగలదో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. అక్కడ టోయింగ్ బరువు ఇవ్వలేదంటే ఆ కారుకు హిచ్ బిగించే ఆలోచన మానుకోవడమే మంచిది. బ్రేక్ లైటు, ఇండికేటర్లు ట్రైలర్ మీద కూడా కారుతో పాటు వెలగాలి, వెనక రిఫ్లెక్టర్లు ఉండాలి. కదులుతున్న ట్రైలర్‌లో పిల్లలను పడుకోబెట్టడం, 'పావుగంటే కదా' అన్నా సరే, వద్దు.

అద్దెకిస్తే ఖర్చు రాబట్టుకోవచ్చా?

ప్రైవేటు వినియోగానికి రిజిస్టరైన క్యాంపర్‌ను అద్దెకు తిప్పితే అది పర్మిట్ లేని వాణిజ్య వినియోగం. సెక్షన్ 192ఎ కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలుతో పాటు రూ.10,000 జరిమానా ఉంది. అద్దె ఆలోచన ఉంటే మొదటి నుంచే ట్రాన్స్‌పోర్ట్ తరగతిలో రిజిస్ట్రేషన్, పర్మిట్, ఫిట్‌నెస్, దానికి తగ్గ బీమా చూసుకోవాలి. కేరళ, మహారాష్ట్ర 2021లోనే కారవాన్ టూరిజానికి విధానాలు తెచ్చాయి. అవి పర్యాటక ప్రోత్సాహాలే కానీ, సెక్షన్ 52 నుంచి మినహాయింపులు కావు.

ఇప్పటికే చేయించేసి ఉంటే?

రోడ్డు మీదికి తీయడం ఆపి, ఆర్సీలోని వివరాలతో బండిని పోల్చి చూడండి. తీయగలిగినవి తీసి సీట్లు తిరిగి బిగిస్తే చాలా బళ్లు మళ్లీ దారికొస్తాయి. వెల్డ్ చేసినవి, కోసేసినవి ఉంటే ఆర్టీఏలో అడగకుండా ముందుకెళ్లకండి. అమ్మేద్దామనుకుంటే కొనేవాళ్లకు మార్పుల సంగతి రాతపూర్వకంగా చెప్పండి, బండి వాళ్ల పేరు మీదికి మారేదాకా బాధ్యత మీదే.

పాత బండి కొని మొదలుపెట్టబోయేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. నాన్ ట్రాన్స్‌పోర్ట్ వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పద్నాలుగేళ్ల ట్రావెలర్ చవగ్గా వచ్చిందని కొని లోపల లక్షలు పోస్తే, మరుసటి ఏడాదే ఇన్‌స్పెక్టర్ ఆర్సీ ఒక చేత్తో పట్టుకుని మీ బండి లోపలికి తొంగి చూస్తారు.